విదేశీ మిషన్ ట్రిప్‌లో పిల్లల మధ్య సేవ: హన్మకొండ నుంచి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మే నెలలో వీబీఎస్ (వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి) ముగిసి, పిల్లలు ఆఖరి రోజు బిర్యానీ తిని ఇళ్లకు పోయాక, మా సంఘం (చర్చి) యూత్‌లో ఒకరిద్దరు మెల్లగా దగ్గరికొచ్చి "అక్కా, ఇదే పని ఆఫ్రికాలో చేయాలని ఉంది" అంటారు. ఇక అక్కణ్నుంచి అవే ప్రశ్నలు. వాట్సాప్‌లో జవాబులు టైపు చేసి చేసి వేళ్లు నొప్పి పుట్టి, అన్నీ ఒకచోట పెడుతున్నాను.

నేను హన్మకొండలో సండే స్కూల్ టీచర్‌ని. కెన్యాలో కిసుము పక్క పల్లెలకు రెండుసార్లు, నేపాల్‌కు ఒకసారి జట్టుతో వెళ్లాను. అందుకే ఉదాహరణలు ఆ రెండు దేశాలవే ఎక్కువ. ఫీజులు, వీసా రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు మళ్లీ ఒకసారి చూసుకోండి.

## వెళ్లాలా, వద్దా

పది రోజుల్లో మేం పోయి చేసేదేముంటుంది అక్కా? నిజంగా ఉపయోగమా?

పది రోజుల్లో పిల్లలకు చదువు రాదు, ఊరి పేదరికం పోదు. అక్కడ ఏడాది పొడుగునా పిల్లల్ని చూసుకునే టీచర్లకు చేతి కింద మనుషులుగా పోతే మాత్రం ఉపయోగం ఉంటుంది. వాళ్లు పాఠం చెప్తుంటే మీరు కాగితాలు కత్తిరిస్తారు, నీళ్లు పోస్తారు, చిన్నపిల్లల గుంపును ఆడిస్తారు. స్టేజీ మీద మైకు వాళ్లదే.

నేను ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చిన్నప్పుడు నేను మిషన్ హాస్టల్లో చదివాను. విదేశాల నుంచి దొరలు, దొరసానులు వచ్చే రోజు ముందు రాత్రే మా తలలకు నూనె పెట్టి రెండు జడలు వేసేవాళ్లు. తెల్లారి వరుసలో నిలబడి స్వాగతం పాట పాడేవాళ్లం. బిస్కెట్ పొట్లం చేతికిచ్చి, విప్పకుండా పట్టుకోమని ఫోటో తీసేవాళ్లు. ఆ ఫోటోలు ఎక్కడికి పోయాయో, వాటి కింద ఏం రాశారో ఇప్పటికీ తెలియదు. నాకు గుర్తున్నది ఒక ముసలి నర్సమ్మ మాత్రమే. ఆమె పాట వినలేదు, ఫోటో తీయలేదు. హాస్టల్ వంటామె పక్కన పీట వేసుకుని పొద్దంతా బియ్యంలో రాళ్లు ఏరింది.

మన దగ్గరే ఇంత లేమి ఉంటే విదేశాలకెందుకు?

న్యాయమైన ప్రశ్న. అందుకే మా జట్టులో చేరాలంటే ముందు ఒక ఏడాది ఇక్కడ పనిచేయాలని నియమం పెట్టుకున్నాం. పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలుంటారు. వాళ్లకు తెలుగు రాదు, మనకు ఒడియా రాదు. భాష రాని పిల్లలతో, దుమ్ములో, కరెంటు లేనిచోట ప్రతి ఆదివారం గంటసేపు గడపగలిగితే కెన్యాలోనూ గడపగలరు. ఇక్కడ మూడు వారాలకే మానేసేవాళ్లకు విమానం టికెట్ దండగ.

అయినా సరిహద్దు దాటి పోవడం మనకు కొత్త కాదు. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టు సంఘాలు 1903లోనే జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపాయి. అక్కడి తోటల్లో కూలికి పోయిన తెలుగువాళ్ల కోసం పోయాడాయన. ఇటు మన డోర్నకల్‌లో పనిచేసిన అజరయ్య గారు తిరునెల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకుని ఇక్కడే ఉండిపోయి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో తెల్లవాళ్ల ముందు నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని అడిగింది ఈయనే. ఇప్పుడు పెట్టె సర్దుకుని పోతున్నది మనం కాబట్టి ఆ మాట మనకే తగులుతుంది.

నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. పనికొస్తానా?

వస్తారు. కెన్యా బడుల్లో ఇంగ్లిష్‌లో చెప్తారు కానీ చిన్నపిల్లలు ఇంట్లో మాట్లాడేది వేరే. కిసుము వైపు లువో భాష, దేశమంతటా స్వాహిలి. నాలుగు స్వాహిలి మాటలు నేర్చుకుంటే మీ బీటెక్ ఇంగ్లిష్ కంటే ఎక్కువ పని చేస్తాయి. "అసాంటే" అంటే థ్యాంక్స్. "పోలే" అంటే అయ్యో, పాపం, సారీ. మా జట్టులో ఒక తమ్ముడు కాలు జారి పడితే చుట్టూ పిల్లలు "పోలే, పోలే" అన్నారు. వాడు నావైపు తిరిగి "ఎక్కడికి పోలే అంటున్నారక్కా?" అని అడిగాడు.

అనాథాశ్రమంలో పిల్లలకు ప్రేమ పంచాలని ఉంది. అక్కడికి తీసుకెళ్తారా?

తీసుకెళ్లం. ఎక్కువమందికి కోపం వచ్చే జవాబు ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

అనాథాశ్రమం అని బోర్డు ఉన్నంత మాత్రాన లోపలున్న పిల్లలంతా అనాథలు కారు. కంబోడియాలో ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి లెక్క తీస్తే, అట్లాంటి ఇళ్లలో ఉన్న పిల్లల్లో నాలుగింట మూడు వంతులకు పైగా తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. నేపాల్‌లో హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల నుంచి, మంచి చదువు చెప్పిస్తామని తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకుని మరీ పిల్లల్ని కాఠ్మాండుకు తెచ్చి, అనాథలని చూపించి విరాళాలు వసూలు చేసిన ఉదంతాలు బయటపడ్డాయి. చూడ్డానికి వచ్చేవాళ్లు, డబ్బిచ్చేవాళ్లు ఉన్నంత కాలం ఆ ఇళ్లకు పిల్లలు కావాలి. మన ప్రేమే అక్కడ గిరాకీ అవుతుంది.

కెన్యా ప్రభుత్వం 2017 నవంబరులోనే కొత్త పిల్లల ఆశ్రమాల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2022లో పదేళ్ల ప్రణాళిక వేసుకుని పిల్లల్ని కుటుంబాలకు చేర్చే పనిలో పడింది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా బాలల హక్కుల తీర్మానంలో ఆశ్రమాల్లో వలంటీర్ టూరిజం వల్ల జరిగే కీడును ప్రస్తావించింది.

ఇంకో సంగతి మన కళ్ల ముందే కనిపిస్తుంది. కొత్త మనిషి రాగానే పరుగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చునే నాలుగేళ్ల పిల్లను చూసి "ఎంత ప్రేమ!" అనుకుంటాం. మన ఇంట్లో నాలుగేళ్ల పిల్ల కొత్తవాళ్లను చూస్తే అమ్మ కొంగు చాటున దాక్కుంటుంది. ఆ పిల్లకు దాక్కునే కొంగు లేదు. పది రోజులు ఎత్తుకుని, పదకొండో రోజు మనం దించి వస్తాం. తర్వాతి నెల ఇంకో జట్టు వస్తుంది.

పిల్లలు సాయంత్రం ఎవరింటికి వాళ్లు పోయే చోట్లే మేం పనిచేస్తాం: బడి, సండే స్కూల్, ఊరి ఆటస్థలం.

పిలిచిన సంస్థ మంచిదో కాదో ఎట్లా తెలుసుకోవాలి?

వాళ్లు మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నారో చూడండి. పోలీస్ క్లియరెన్స్ (మీ మీద కేసులు లేవని ఇచ్చే కాగితం) అడగకుండా, మీ పాస్టర్ గారికి ఫోన్ కూడా చేయకుండా "రండి బ్రదర్, పిల్లలు ఎదురుచూస్తున్నారు" అని అకౌంట్ నంబర్ పంపితే ఆగిపోండి. మిమ్మల్ని అడగనివాళ్లు, రేపు వచ్చే ఇంకొకణ్నీ అడగరు. పిల్లల రక్షణ గురించి రాతపూర్వక నియమాలు ఉన్నాయా, ఫిర్యాదు వస్తే చూసేది ఎవరు, అక్కడి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందా, పోయినసారి వెళ్లిన వాళ్లలో ఇద్దరి నంబర్లు ఇస్తారా అని అడగండి. మంచివాళ్లు నొచ్చుకోరు, సంతోషిస్తారు.

పెళ్లి కాని అమ్మాయిని. ఇంట్లో ఒప్పుకోవట్లేదు. ఎట్లా ఒప్పించాలి?

దేవుడు పిలిచాడు అన్న ఒక్క మాటతో అమ్మానాన్నల నోరు మూయించకండి. జట్టు నాయకురాలిని ఇంటికి తీసుకెళ్లి, ఎక్కడ ఉంటారు, గదిలో తోడు ఎవరుంటారు, రోజూ ఎన్నింటికి ఫోన్ చేస్తారు, ఒంట్లో బాగోకపోతే ఏ ఆసుపత్రి అన్నది కూర్చోబెట్టి చెప్పించండి. అయినా వద్దంటే ఈ ఏడాది ఆగండి.

మా పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లొచ్చా?

పదేళ్లు దాటినవాళ్లయితే బాగుంటుంది. అక్కడి పిల్లలతో మనకంటే ముందు కలిసిపోయేది వాళ్లే. చిన్నవాళ్లయితే మలేరియా ఉన్న ప్రాంతాలకు నేను వద్దంటాను. తల్లిదండ్రుల్లో ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం నోటరీ చేయించి దగ్గర పెట్టుకోండి. కెన్యా కూడా పిల్లల విషయంలో ఆ కాగితం అడగవచ్చు.

## కాగితాలు, టీకాలు

పాస్‌పోర్టు ఎక్కడ, ఎన్నాళ్లు ముందు?

వరంగల్ పోస్టాఫీసులోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, హైదరాబాద్ పోనక్కర్లేదు. మామూలు 36 పేజీలదానికి ఫీజు 1,500 రూపాయలు. పెద్దవాళ్లది పదేళ్లు, పిల్లలది ఐదేళ్లు చెల్లుతుంది. ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

మనవాళ్లకు తరచుగా వచ్చే చిక్కు పేర్లది. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకోలా, సంఘంలో అందరూ పిలిచే బాప్తిస్మం పేరు మరొకటి. పాస్‌పోర్టుకు మెమోలో ఉన్నదే పెట్టండి. టికెట్ బుక్ చేసే తమ్ముడికి కూడా పాస్‌పోర్టు ఫోటో పంపండి, నోటితో పేరు చెప్పొద్దు.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా? ఎక్కడ వేస్తారు?

కెన్యా, ఉగాండా లాంటి దేశాలకు వెళ్తే తప్పనిసరి అనుకోండి. మనం వెళ్లేటప్పుడు అక్కడ అడిగినా అడగకపోయినా, తిరిగొచ్చేటప్పుడు మన దేశంలో అడుగుతారు. టీకా వేసుకున్న కార్డు లేకపోతే 6 రోజుల వరకు విడిగా ఉంచే అధికారం వాళ్లకుంది. ఈ టీకా మామూలు క్లినిక్‌లో దొరకదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, మనకు దగ్గర్లో హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). ముందే రోజు, టైమ్ కనుక్కుని పాస్‌పోర్టు పట్టుకుని పోండి. వేసుకున్న పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 60 దాటినవాళ్లు, కోడిగుడ్డు పడనివాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

నా పొరపాటు చెప్తాను. ఆ పసుపు కార్డు మీద పాస్‌పోర్టు నంబర్ రాస్తారు. మొదటి ట్రిప్ తర్వాత నేను పాస్‌పోర్టు రెన్యూవల్ చేయించాను, కార్డు మీద పాత నంబరే ఉంది. రెండోసారి వచ్చేటప్పుడు పాత పాస్‌పోర్టు ఇంట్లో బీరువాలో, నేను విమానాశ్రయం కౌంటర్ దగ్గర. ఇంటికి ఫోన్ చేసి పాత పాస్‌పోర్టు ఫోటోలు తెప్పించి చూపించేసరికి గంటన్నర టెన్షన్. రెండు పాస్‌పోర్టులూ కలిపి రబ్బరు బ్యాండు వేసి పెట్టుకోండి.

టూరిస్ట్ వీసా మీద వెళ్లి సేవ చేస్తే తప్పేంటి? జీతం తీసుకోవట్లేదు కదా?

జీతం లేకపోయినా చాలా దేశాల లెక్కలో సేవ కూడా పనే. కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ (ముందస్తు ప్రయాణ అనుమతి) తీసుకోవాలి. అందులో ప్రయాణ కారణం అడుగుతారు. మతపరమైన, ధార్మిక సేవ పనులకు అక్కడ వేరే పర్మిట్లు, స్పెషల్ పాస్‌లు ఉన్నాయి. మీ పనికి ఏది సరిపోతుందో పిలిచిన సంఘం వాళ్లే అక్కడి ఇమిగ్రేషన్‌లో అడిగి రాతపూర్వకంగా చెప్పాలి. "సఫారీ చూడ్డానికి అని రాసెయ్ బ్రదర్" అనే సలహా మాకూ వచ్చింది. సత్యం ప్రకటించడానికి పోతూ మొదటి ఫారంలోనే అబద్ధం రాయడం నాకు మింగుడు పడలేదు.

నేపాల్‌కు వీసా అక్కర్లేదు కదా, వీబీఎస్ పెట్టుకోవచ్చా?

మనవాళ్లకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో చాలు. వరంగల్‌లో రప్తీసాగర్ ఎక్కితే గోరఖ్‌పూర్‌లో దిగి, అక్కణ్నుంచి రోడ్డు మీద సునౌలి సరిహద్దు. పోవడం అంత తేలిక కాబట్టే చాలామంది చట్టం చూసుకోరు. 2015 నాటి నేపాల్ రాజ్యాంగం మత మార్పిడి చేయించడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న నేరస్మృతి ప్రకారం దానికి ఐదేళ్ల వరకు జైలు, 50,000 నేపాలీ రూపాయల వరకు జరిమానా. విదేశీయులైతే శిక్ష తర్వాత దేశం నుంచి పంపేస్తారు. మనం వారంలో వచ్చేస్తాం, కేసు పడేది అక్కడే ఉండే పాస్టర్ గారి మీద. అందుకే మేం నేపాల్‌లో పిల్లల కార్యక్రమం పెట్టలేదు. అక్కడి సండే స్కూల్ టీచర్లకు మాత్రం నాలుగు రోజులు చేతిపనులు, కథ చెప్పే పద్ధతి నేర్పాం. వాళ్ల దగ్గర మేమే ఎక్కువ నేర్చుకున్నాం, అది వేరే సంగతి.

పోలీస్ క్లియరెన్స్ ఎందుకు? మేమేమన్నా దొంగలమా?

పిల్లల దగ్గరికి పోయే ప్రతి ఒక్కరికీ కావాలి, పాస్టర్ గారికైనా నాకైనా. పాస్‌పోర్టు వెబ్‌సైట్‌లోనే అప్లై చేయాలి, 500 రూపాయలు.

నేను గవర్నమెంట్ టీచర్‌ని. వేసవి సెలవుల్లోనే పోతాను. పర్మిషన్ కావాలా?

కావాలి. సెలవులైనా సరే, విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఫైలు కదలడానికి టైమ్ పడుతుంది, సంక్రాంతికే దరఖాస్తు పెట్టండి.

## డబ్బు

మొత్తం ఎంత అవుతుంది?

కెన్యాకు మా రెండో ట్రిప్‌లో తలకు లక్షా ముప్పై వేల దాకా అయింది. అందులో సగం పైన విమానం టికెట్టే. మిగతాది తిండి, ఉండే చోటు, అక్కడి బండి, టీకాలు, ఇన్సూరెన్స్. ఇన్సూరెన్స్ మానేసి మిగుల్చుకుందామని ఎవరైనా అంటే వాళ్లను ఇక్కడే మిగల్చండి. అక్కడ ఫోన్‌పే నడవదు. వాళ్లకు 2007 నుంచి ఎంపెసా అని ఫోన్‌తోనే డబ్బు పంపే పద్ధతి ఉంది, కూరగాయల బండి దగ్గర కూడా అదే.

సంఘం ట్రస్టు డబ్బుతో టికెట్లు కొనొచ్చా?

ఆడిటర్‌ని అడగకుండా కొనొద్దు. పన్ను మినహాయింపు ఉన్న ట్రస్టు తన ఆదాయాన్ని దేశం బయటి పనులకు ఖర్చు పెడితే, సీబీడీటీ (ఆదాయపు పన్ను శాఖ పై బోర్డు) ముందస్తు అనుమతి లేనిదే ఆ ఖర్చుకు మినహాయింపు దొరకదు. విదేశీ విరాళాల ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతా ఉంటే దాన్ని అసలే కదిలించొద్దు. వెళ్లేవాళ్లు సొంత డబ్బు పెట్టుకోవడం, సంఘంలోని వాళ్లు చేతనైనంత ఇవ్వడం సులువైన దారి. అక్కడి సంఘానికి డబ్బు పంపాలన్నా మన ఖాతా నుంచి బ్యాంకు ద్వారా, కారణం రాసి పంపాలి.

## సామాను

పిల్లలకు చాక్లెట్లు, బొమ్మలు ఎన్ని తీసుకెళ్లాలి?

ఒక్కటీ మీ చేత్తో ఇవ్వొద్దు. మొదటి ట్రిప్‌లో అరవై మందికని పెన్నులు తీసుకెళ్తే తొంభై మంది వచ్చారు. దొరకని పిల్లలు ఏడుపు, తోపులాట. రెండో రోజు నుంచి మేం కనిపిస్తే పాట కాదు, "పెన్ను! పెన్ను!" అన్నారు. ఏమైనా ఇవ్వాలనుకుంటే అక్కడి బడికి అప్పజెప్పండి, వాళ్ల దుకాణంలోనే కొనండి.

చూపించడానికి మాత్రం ఒకటి తీసుకెళ్లండి: చేర్యాల బొమ్మల పటం. పటం మెల్లగా విప్పుతూ, కథలో తర్వాతి బొమ్మ ఏమిటో అని పిల్లలు మెడలు చాపుతుంటే, ఏ ప్రొజెక్టరూ అక్కర్లేదు. కరెంటు పోయినా కథ ఆగదు.

పచ్చళ్లు, సకినాలు తీసుకెళ్లొచ్చా?

సకినాలు నిక్షేపంగా. పచ్చడి చెక్-ఇన్ సామానులో, గట్టి మూత డబ్బాలో. కానీ కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ క్యారీ కవర్లు నిషేధం, జరిమానా మామూలుగా ఉండదు. మనకేమో చెప్పులకో కవరు, పచ్చడికో కవరు, తడి బట్టలకో కవరు చుట్టే అలవాటు. సర్దేటప్పుడే గుడ్డ సంచులు వాడండి.

తిండికి భయపడాల్సిందేం లేదు. అక్కడి ఉగాలి అంటే మన మక్క గట్కే, కొంచెం గట్టిగా ఉండలా ఉంటుంది. పక్కన ఆకుకూర. చపాతీ, చాయ్ వాళ్లకూ ఇష్టం.

## అక్కడ, పిల్లల మధ్య

ఏం ఆడించాలి? ఏం నేర్పాలి?

నేర్పాలన్న తొందర తగ్గించుకోండి. మొదటిసారి నేను పేద్ద ప్లాన్ రాసుకుని పోయాను, గంట గంటకూ ఒక కార్యక్రమం. రెండో రోజు వాన, రేకుల షెడ్డు కింద ఏమీ వినబడదు. ఊరికే కూర్చోలేక నేలమీద చిన్న గుంటలు తీసి, రాళ్లేరుకొచ్చి వామనగుంటలు మొదలుపెట్టాను, నేర్పుదామని. తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి కాసేపు చూసి, నా చేతిలోని రాళ్లు తీసుకుని గుంటలు పెంచి, తన లెక్కలో పంచడం మొదలుపెట్టింది. వాళ్లకు అజువా అని అదే జాతి ఆట ఉంది. మూడాటలు వరసగా ఓడిపోయాను. చుట్టూ ముప్పై మంది పిల్లలు నా ఓటమికి చప్పట్లు. ఆ తర్వాత ఆ పిల్లలు నాతో మాట్లాడటం మొదలుపెట్టారు.

పిల్లల్ని ఎత్తుకోవద్దు, ఒంటరిగా ఉండొద్దు అంటారు. ఇంత అనుమానమా?

అనుమానం మీ మీద కాదు. నియమం అందరికీ ఒకటే ఉంటేనే చెడ్డవాడు దాక్కునే చోటు ఉండదు. ఏ పిల్లతోనూ, ఏ పిల్లాడితోనూ ఒక్కరే గదిలో ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు, అందరికీ కనబడే చోటు. బాత్రూముకు తీసుకెళ్లేది వాళ్ల టీచరే. పిల్ల తనంతట తాను చేయి పట్టుకుంటే పట్టుకోనివ్వండి, మీరు లాక్కుని ముద్దులు పెట్టొద్దు. పద్దెనిమిదేళ్ల లోపు అందరూ పిల్లలే. విదేశంలో ఉన్నాం కదా అనుకోవడానికి లేదు, భారత పౌరుడు బయటి దేశంలో చేసిన నేరానికి ఇక్కడ కూడా విచారించే వీలు భారతీయ న్యాయ సంహితలో ఉంది.

ఫోటోలు, రీల్స్ పెట్టొచ్చా? సంఘంలో చూపించాలి కదా.

పిల్లల ముఖాలు కనిపించేవి వద్దు. బడి పేరు, ఊరి పేరు, పిల్ల పేరు కలిపి అసలే పెట్టొద్దు. మా జట్టులో ఒక్క ఫోన్‌కే ఫోటోలు తీసే అనుమతి. అక్కడి టీచర్ చూసి ఒప్పుకున్నవే ఇంటికి వస్తాయి. ముక్కు కారుతూ చిరిగిన బట్టలతో ఉన్న పిల్లాడి ఫోటో తీయబోతే ఒక్క క్షణం ఆగి, మీ అన్న కొడుకు అట్లా ఉన్నప్పుడు ఎవరైనా తీస్తే మీ వదిన ఏమంటుందో ఊహించుకోండి.

ఒక పిల్ల నాతో "ఎవరికీ చెప్పొద్దు" అని ఇంట్లో జరిగే కీడు చెప్తే?

చెప్పనని మాటివ్వొద్దు. "నీకు సాయం చేసేవాళ్లకు మాత్రం చెప్తాను" అనండి. మొత్తం వినండి, గుచ్చి గుచ్చి అడగకండి, ఆశ్చర్యం ముఖం మీద కనబడనివ్వకండి. ఆ పిల్ల వాడిన మాటలే అదే రోజు రాసిపెట్టి, అక్కడి పిల్లల రక్షణ బాధ్యురాలికి అప్పజెప్పండి. ఆమె కదలకపోతే హెల్ప్‌లైన్: కెన్యాలో 116, నేపాల్‌లో మన దగ్గరిలాగే 1098. మన దేశంలోనైతే పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడమే నేరం. ప్రార్థన చేద్దాం, సర్దుకుంటుంది అని పిల్లను తిరిగి అదే ఇంటికి పంపడం మాత్రం చేయకండి.

పిల్లలకు సువార్త చెప్పి తీర్మానాలు (యేసును నమ్ముతామని చేతులెత్తించడం) చేయించొచ్చా?

కథ చెప్పండి, పాట పాడండి, తల్లిదండ్రులకు ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. చేతులెత్తించి లెక్క రాసుకోవడం మేం చేయం. బిస్కెట్ ఇచ్చే చేయి ఎటు ఎత్తమంటే అటు ఎత్తుతారు పిల్లలు. నేనూ ఎత్తాను, నాలుగుసార్లు, నాలుగు వేర్వేరు జట్లు వచ్చినప్పుడు.

నేను నర్స్‌ని. మందులు ఇవ్వొచ్చా?

అక్కడి అనుమతి లేకుండా ఇవ్వొద్దు. దెబ్బ కడిగి కట్టు కట్టడం వరకు సరే. చేతులు కడుక్కోవడం నేర్పండి.

మా ఆరోగ్యం?

కిసుము వైపు మలేరియా ఎక్కువ. నివారణ మాత్రలు ఏవి, ఎన్ని రోజులు అన్నది వెళ్లడానికి నెల ముందే డాక్టరుతో తేల్చుకోండి. విక్టోరియా సరస్సు చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ అందులో కాళ్లు పెట్టొద్దు, నీళ్లలోని నత్తల వల్ల బిల్హార్జియా అనే జబ్బు వస్తుంది.

## తిరిగి వచ్చాక

వచ్చిన మూడు వారాలకు జ్వరం. వాతావరణం మారినందుకేనా?

అట్లా అనుకుని డోలో వేసుకుని పడుకోవద్దు. అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోండి. ఆఫ్రికా మలేరియా తొందరగా ముదురుతుంది. ఎంజీఎంకు (వరంగల్ ప్రభుత్వాసుపత్రి) పోయినా ప్రైవేటుకు పోయినా డాక్టరుతో మొదటి మాట "కెన్యా వెళ్లొచ్చాను" అనే ఉండాలి. వచ్చాక కూడా మిగిలిన మాత్రలు పూర్తిగా వాడాలి.

అక్కడి పిల్లాడు ఫేస్‌బుక్‌లో మెసేజ్ పెట్టాడు, ఫీజు కట్టమంటున్నాడు. ఏం చేయాలి?

నేరుగా జవాబివ్వకండి, డబ్బు పంపకండి. నిజంగా ఆ పిల్లాడే అయినా, పెద్దవాళ్లకు తెలియకుండా పిల్లలతో విడిగా మాట్లాడటం మంచిది కాదు. మెసేజ్‌ను అక్కడి టీచర్‌కు పంపండి. అవసరం నిజమైతే బడి ద్వారా సాయం చేయొచ్చు. "మళ్లీ వస్తాను" అని వచ్చేటప్పుడు ఎవరికీ చెప్పకపోవడం ఇందుకే మంచిది. నేను మొదటిసారి ఒక పిల్లకు ఆ మాట చెప్పి వచ్చాను. రెండోసారి పోవడానికి మూడేళ్లు పట్టింది. ఆ పిల్ల కుటుంబం అప్పటికే వేరే ఊరికి పోయింది.

సంఘంలో నిలబడి ట్రిప్ అనుభవాన్ని సాక్ష్యంగా చెప్పమన్నారు. ఏం చెప్పాలి?

వాళ్ల లేమి గురించి కాకుండా అక్కడి టీచర్ల పేర్లు, వాళ్లు చేసే పని చెప్పండి, వాళ్లు ఒప్పుకుంటేనే. మా జట్టు తమ్ముడు పోయినసారి మైకు పట్టుకుని, ఉగాలి ఎట్లా కలపాలో, ఆ వంటామె తన చేతిలోంచి తెడ్డు ఎన్నిసార్లు లాక్కుందో చెప్పాడు. ఐదు నిమిషాల్లో దిగిపోయాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరు పెద్దమ్మలు వాణ్ని పట్టుకుని, ఆ ఇంటి వంటకు ఏం కట్టెలు వాడతారు, పొగ పోవడానికి గొట్టం ఉందా అని అడుగుతూ చాలాసేపు నిలబెట్టేశారు.